గని మైదానంలో నూట పన్నెండు ఆటలు

112వ ఆట అయిన మూడో రోజు

ఫుట్‌బాల్ లీగు వాళ్ళు నాకొక రిజిస్టరు ఇచ్చారు. అందులో కళ్ళతో చూసింది తప్ప మరేమీ రాయకూడదు. ఎన్నో నిమిషం, ఎవరు కొట్టారు, బంతి గీత దాటిందా లేదా. అంతే. అనుకున్నది రాయకూడదు, భయపడింది రాయకూడదు. నాలుగేళ్ళుగా ఆ నియమం నాకు బరువు కాలేదు. పదో తరగతితో చదువు ఆగినదాన్ని, రాయడానికి నా దగ్గర వేరే ఏముంది? కానీ ఇవాళ ఆ గడుల్లో పట్టని సంగతి ఒకటి వచ్చి పడింది. స్వామి పటం ముందు కూర్చుని చెప్పుకున్నాను. అయినా గుండెలో బరువు దిగలేదు. అందుకే ఉత్తరాల కోసం దాచుకుని ఎవరికీ రాయకుండా మిగిలిపోయిన కాగితాలు తీశాను.

పొద్దున పై నుంచి సామాన్ల తొట్టి దిగింది. బియ్యం, నూనె, వత్తులు, నెలకు సరిపడా నీళ్ళు శుద్ధి చేసే బిళ్ళలు. వాటి మీద మూసి ఉన్న కవరు. 'రెఫరీ ఓదెలు మీద విచారణ జరుగుతున్నది. సాక్షి శేషారత్నం తన రిజిస్టర్లన్నీ సిద్ధంగా ఉంచవలెను. విచారణ తేదీ వరకు రెఫరీ విధుల్లో కొనసాగును.'

ఓదెలు గారు ఈ మైదానం రెఫరీ, సాక్షిని నేను. ఎండలు ముదిరిపోయాక ప్రయాణాలు ఆటగాళ్ళకే మిగిలాయి. మైదానానికొక రెఫరీ, మైదానానికొక సాక్షి, ఉన్నచోటే ఉంటారు. మాది ఒకప్పుడు బొగ్గు తవ్విన గొయ్యి. మెట్లు మెట్లుగా చాలా లోతుకు దిగుతుంది. అడుగున పొద్దున ఎనిమిది దాకా నీడ ఉంటుంది గనుక ఆట ఇక్కడ పెట్టారు. ఆయన గది పడమటి మెట్టు మీద, నాది తూర్పు మెట్టు మీద. మధ్యలో పచ్చిక. సాక్షి, రెఫరీ మాట్లాడుకోకూడదని నియమం. ఆట అయ్యాక ఆయన పైకి వచ్చి రిజిస్టరు అందిస్తారు. "సంతకం, అమ్మా" అంటారు. "ఇదిగోండి" అంటాను. నాలుగేళ్ళలో మా మాటలు ఇవే.

జనం ఎవరూ రారు. గనిపేట ఊరు సొరంగం అవతల పదకొండు కిలోమీటర్లు. అక్కడి వాళ్ళు ఇళ్ళలోనే ఆట కనబడే కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తారు. వాళ్ళకు వినిపించే కేకలు, చప్పట్లు యంత్రం కలిపినవి. మరి నేనెందుకంటే, నా చిన్నతనంలో ఒక ఏడాది మొత్తం జనం చూసి ఏడ్చిన ఆటలు, పొంగిపోయిన ఆటలు అసలు ఎక్కడా జరగలేదని తర్వాత తెలిసింది. యంత్రం అల్లిన బొమ్మలట. ఆ అవమానం తర్వాత చట్టం వచ్చింది. ఒక మనిషి నిజంగా కూర్చుని, నిజంగా చూసి, చేత్తో సంతకం పెడితేనే ఆట జరిగినట్టు. ఈల కూడా మనిషి ఊపిరితోనే ఊదాలి.

ఇప్పుడు ఆ ఊపిరి మీదే నింద. గనిపేట జట్టుకు ఆయన లంచం తిని ఈల ఊదుతున్నారట. రుజువైతే ఈల తీసేసుకుంటారు. ఆయన పేరు రాసిన పలక ప్రతి మైదానం గుమ్మానికీ వేలాడదీస్తారు. ఇంక ఏ గుమ్మమూ దాటనివ్వరు. పదిహేడో ఏట ఆటగాడిగా ఈ గోతిలోకి దిగిన మనిషి. ఇప్పుడు యాభై ఎనిమిది.

నాకు నమ్మకం కలగడం లేదు. కానీ నమ్మకం రిజిస్టరులో రాయడానికి గడి లేదు.


బుధవారం

బుధవారాలు తస్నీమ్ ఫోను చేస్తుంది. లీగు లెక్కల కార్యాలయంలో పని. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో, మొహం ఎప్పుడూ చూడలేదు. నా గడులు, యంత్రం గడులు పక్కపక్కన పెట్టి సరిచూస్తుంది. వారంలో నేను ఇంకో మనిషితో మాట్లాడేది ఆ అరగంటే. బుధవారం ఇల్లు ఊడ్చి, తలదువ్వుకుని కూర్చుంటాను. చూసేదెవరని కాదు.

నింద వేసింది తన లెక్కేనని ఆ పిల్ల ముందే చెప్పేసింది. దాచలేదు. అసలు ఆటను ఏది గెలిపిస్తుందో తేల్చడమే వాళ్ళ పని. బంతి ఎక్కువసేపు ఎవరి కాళ్ళ దగ్గర ఉంటే వాళ్ళే గెలుస్తారని జనం అనుకుంటారట. లెక్క అలా చెప్పదట. గోలుకు దగ్గరగా, ఎదురుగా నిలబడి ఎన్నిసార్లు కొట్టారన్నది కొంత చెబుతుందట. గోల్స్ మరీ తక్కువ పడే ఆట కావడం వల్ల ఎంత లెక్క కట్టినా సగానికి సగం అదృష్టానికే పోతుందట.

"అదృష్టమంటే దైవమే కదమ్మా?" అన్నాను.

"ఏమో ఆంటీ. నాకు తెల్వనిదానికి నేను పెట్టుకున్న పేరు అది" అంది.

పూర్వం జనం మైదానంలో కూర్చున్న రోజుల్లో సొంత ఊళ్ళో ఆడే జట్టు ఎక్కువగా గెలిచేదట. జనం రావడం ఆగిపోయాక ఆ తేడా కరిగిపోయింది. ఇప్పుడు పందొమ్మిది మైదానాల్లో సొంత జట్టూ, వచ్చిన జట్టూ దాదాపు సమానం. ఇరవయ్యోది మాది. ఇక్కడ నూట పన్నెండు ఆటల్లో గనిపేట యాభై ఎనిమిది గెలిచింది, ఇరవై ఏడు ఓడింది. మిగిలినవి సమానం. పెనాల్టీలు గనిపేటకు ముప్పై ఒకటి, వచ్చినవాళ్ళకు పన్నెండు.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు, నీకు ఇన్ని ఆటలెందుకని అడిగాను.

"ఒక్క గిన్నెల ఉడికితే ఒక్క మెతుకు చాలు ఆంటీ. ఇక్కడ ఒక్కో మెతుకు ఒక్కో పొయ్యి మీద ఉడికింది. దోసెడు దోసెడు పట్టి చూడాలె" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఏడాదికొకటిగా నాలుగు దోసెళ్ళు చూశాననీ, నాలుగూ ఒకే మాట చెబుతున్నాయనీ అంది.

ఫోను పెట్టాక వంకాయలు తరుగుతూ కూర్చున్నాను. తొమ్మిదింటికి ఎండ ముదిరిందని హెచ్చరించే కూత వినబడితే లేచి తలుపు బిగించాను. తర్వాత రోజంతా గాలి యంత్రం చప్పుడు తప్ప ఏమీ ఉండదు.


113వ ఆట

తెల్లవారుజామునే దీపం పెట్టాను. ఆట రోజున రెండు వత్తులు వేస్తాను. ఒకటి ఇక్కడివాళ్ళకు, ఒకటి వచ్చినవాళ్ళకు. ఎవరి కాళ్ళూ విరగకుండా చూడమని ఇద్దరికీ ఒకే మాట చెబుతాను.

ఇవాళ నా కళ్ళు బంతిని వదిలి ఓదెలు గారి వెంట పోయాయి. ఆయన కుడికాలు కొంచెం ఈడుస్తారు. అయినా బంతికి పది గజాల్లోనే ఉంటారు. మోసం చేసే మనిషి అంత పరుగు ఎందుకు పెడతాడు? దూరంగా నిలబడి ఊదుకోవచ్చు కదా.

గనిపేట రెండు ఒకటితో గెలిచింది. అందులో ఒకటి పెనాల్టీ. ఎడమ వైపు ఆడే సమ్మయ్య పడ్డాడు. తగిలిందనే నాకూ అనిపించింది.

సంతకానికి వచ్చినప్పుడు ఆయన రిజిస్టరు తలకిందులుగా అందించారు. కాగితం వచ్చిన సంగతి ఆయనకూ తెలుసన్నమాట. "సంతకం, అమ్మా" అన్నారు. ధైర్యంగా ఉండండి అందామనుకున్నాను. నియమం గుర్తొచ్చి "ఇదిగోండి" అన్నాను.


బుధవారం

సంగతి ఇంకా ముదిరింది. అన్ని ఆటల్లోనూ ఈల ఒకేలా లేదట. ఎనిమిది ఆటల్లో మాత్రం ఏ తేడా లేదు. ఆ ఎనిమిదింట్లో గనిపేట రెండు గెలిచి మూడు ఓడింది, మూడు సమానం. పెనాల్టీలు చెరొకటి. విచారణ సభ్యులు దీన్ని పట్టుకున్నారు. ఆ ఎనిమిది రోజులూ లంచం ముట్టలేదు, అందుకే న్యాయంగా ఊదాడు అంటున్నారట. సవ్యంగా ఊదిన రోజులే ఆయన మెడకు చుట్టుకున్నాయి.

"ఆ తేదీలల్ల ఏముందో నాకు దొరుకుత లేదు ఆంటీ. ఎండ చూసిన, గాలి చూసిన, ఎవరితోని ఆట, ఏ వారం, అన్నీ చూసిన. ఎనిమిదే ఉన్నయి కాబట్టి ఉత్తగ గట్ల పడ్డయేమో కూడ" అంది. తేదీలు చదివితే రాసుకున్నాను.

నేను పంచాంగాలు పారెయ్యను. నాలుగేళ్ళవీ పెట్టె అడుగున ఉన్నాయి. ఊరికే, ఆ రోజుల్లో ఏ నక్షత్రం ఉందో చూద్దామని తీశాను. మొదటి తేదీ ఏకాదశి. రెండోదీ ఏకాదశి. మూడోదీ అదే. ఎనిమిదీ ఏకాదశులే. ఆట ఏ రోజు పడుతుందో ఎండను బట్టి లీగు వాళ్ళు నిర్ణయిస్తారు, వాళ్ళకు తిథులతో పని లేదు.

స్వామి పటం ముందు సాష్టాంగపడ్డాను. తన రోజున తన ఎదుట అన్యాయం జరగనివ్వలేదు తండ్రి. నాకు అలాగే అర్థమైంది. ఏడుపు కూడా వచ్చింది. రేపు లీగు అనుమతి అడిగి, బుధవారం కాకపోయినా తస్నీమ్‌కు ఫోను చేయించుకుంటాను.


గురువారం

తస్నీమ్ నా మాట నవ్వకుండా విన్నది. ఆ పిల్ల తన మతం తను నిష్ఠగా పాటిస్తుంది, ఉపవాసాలంటే ఏమిటో తెలుసు. దేవుడి లెక్క దేవుడికి వదిలేద్దాం, ముందు మనుషుల లెక్క చూద్దాం అంది.

"ఆ దినం మీరేం జేస్తరు ఆంటీ?"

"ఉపవాసం. నామాలు మనసులోనే చదువుకుంటాను. మౌనం."

"మౌనమంటే?"

"తెల్లవారినప్పటి నుంచి మర్నాడు తెల్లవారే దాకా నోరు విప్పను. అంతేనమ్మా."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినబడింది.

"మరి మిగతా ఆటలల్ల మాట్లాడ్తరా?"

"ఎవరితో మాట్లాడతానమ్మా, ఇక్కడ ఎవరున్నారు?"

"ఎవరితోనో అని కాదు ఆంటీ. ఆట చూసుకుంట మీ నోట్లకెళ్ళి ఏమన్న వస్తదా?"

ఏమీ రాదని చెప్పాను. చెప్పి ఫోను పెట్టేశాను. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. పెద్దగా మాట్లాడే మనిషిని కాను. మా అమ్మ కూడా నన్ను, ఈ పిల్ల ఇంట్లో ఉందో లేదో తెలియదు అనేది.

మైదానంలో మాటలు రికార్డు అవుతాయి కదా, వినిపించుకోమని చెప్పాల్సిందని తర్వాత తోచింది. మళ్ళీ అడిగితే తేలింది. యంత్రం తన కేకలు కలపడానికి ముందు మైదానంలోని అసలు చప్పుడంతా తుడిచేస్తుందట. బంతి, ఈల మాత్రం ఉంచుతుంది. నా గొంతు ఉన్నా, అది చెత్త కింద లెక్క.


114వ ఆట

రాయడానికి సిగ్గుగా ఉంది.

రెండు గిన్నెలు, గుప్పెడు చింతగింజలు పక్కన పెట్టుకున్నాను. నోట్లోంచి మాట వస్తే, గనిపేట పిల్లవాడి కోసమైతే ఎడమ గిన్నెలో గింజ, వచ్చినవాళ్ళ కోసమైతే కుడి గిన్నెలో. ఆపుకోవాలని ప్రయత్నించలేదు. ఏమీ రాదు కదా అనుకున్నాను.

నాలుగో నిమిషంలో గోలు కాచే ఫ్రాన్సిస్ గుద్దుకుని పడ్డాడు. "అయ్యో తండ్రీ" అని నాకే వినబడింది. గింజ వేశాను. చిన్న మాటే. కానీ అది రాతి మెట్లకు తగిలి, కిందికి దిగి, అవతలి గట్టు దాకా పోయి తిరిగి వచ్చింది. నాలుగేళ్ళలో ఆ మాట తిరిగి రావడం నేనెన్నడూ వినలేదు. ఇవాళ విందామని కూర్చుంటే వినబడింది.

ఆట అయ్యాక లెక్కపెట్టాను. ఎడమ గిన్నెలో పదకొండు. కుడి గిన్నెలో మూడు. ఈ పద్నాలుగింట్లో పదిసార్లు వెంటనే ఈల మోగింది. నా నోరు మెదలకుండా పిల్లలు పడింది పదహారుసార్లు. ఈల మోగింది ఐదుసార్లు.

రెండు వత్తులు వేశాను. ఇద్దరికీ ఒకే మాట చెప్పాను. నా మనసు తక్కెడలా ఉందనుకున్నాను. మరి పదకొండు ఎందుకు, మూడు ఎందుకు? చాలాసేపు కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. వచ్చినవాళ్ళు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తారు, మొహాలు గుర్తు పట్టేలోపు వెళ్ళిపోతారు. వీళ్ళను ప్రతి ఆటలోనూ చూస్తాను. సమ్మయ్యకు పోయినేడు ఏ మోకాలు వాచిందో తెలుసు. ఫ్రాన్సిస్ వేలికి ఎప్పుడు కట్టు విప్పారో తెలుసు. నాకు తెలిసిన మొహాలు ఈ భూమ్మీద ఆ పదకొండే. తెలిసిన కాలికి దెబ్బ తగిలితే నోరు ఊరుకోలేదు. అంతకంటే పక్షపాతం ఏమీ లేదు. కానీ అంత చాలింది.

ముప్పై ఒకటి, పన్నెండు. ఓదెలు గారి మీద వేసిన లెక్క ఇది. నా లెక్క.


బుధవారం

తస్నీమ్‌కు గింజల సంగతి చెప్పాను. అంతా విని, ఒక్క ఆట చాలదంది. విచారణకు ఇంకా నాలుగు ఆటలున్నాయి. తను బొమ్మా బొరుసూ వేసి చెబుతుంది, ఒక ఆటలో మౌనంగా ఉండాలి, ఒక ఆటలో మామూలుగా ఉండాలి. అప్పుడు తేడా గట్టిగా కనబడుతుందట.

కుదరదన్నాను. తెలియక అన్నది పొరపాటు. దాని వల్ల ఈల మోగుతుందని తెలిసి కూడా అంటే పాపం. ఇక నా నోటి వెంట ఆ మాట వస్తే దాన్ని నేనే విసిరినట్టు.

"మీరన్నది సమజైంది ఆంటీ. కాని రుజువు పలచగైతది."

"పలచనైతే పలచననే చెప్పమ్మా. కలిపి చిక్కగా చెయ్యకు."

ఇంకో మాట అడిగింది. ఇది బయటికి చెబితే సాక్షి కుర్చీలో నన్ను ఉంచుతారని నమ్మకం లేదు, ఆలోచించుకున్నారా అని. సముద్రం మా లంక గ్రామాల మీదికి వచ్చాక నాకు ఊరు లేదు. ఆ కుర్చీ పోతే వెళ్ళే చోటు ఏదో ఒకటి వాళ్ళే చూపిస్తారు, పైన వసతి గృహాలున్నాయి. అక్కడ మనుషులుంటారు. ఈ పదకొండు మంది ఉండరు.

ఆలోచించుకున్నానని చెప్పాను.


116వ ఆట

115లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. గనిపేట ఓడింది. ఒక్క మాటా రాలేదు.

ఇవాళ డెబ్బయ్యో నిమిషంలో సమ్మయ్య బంతితో గోలు ముందరి పెనాల్టీ గడి అంచుకు వచ్చాడు. వెనక నుంచి వచ్చినవాడు వాడి చీలమండ మీద కాలు వేశాడు. బంతి దగ్గరలో కూడా లేదు. ఓదెలు గారికి అడ్డంగా ఇద్దరున్నారు. నాకు ఏ అడ్డమూ లేదు. పై నుంచి అంతా కనబడింది.

సమ్మయ్య పడ్డాడు. ఓదెలు గారు ఈల నోట్లో పెట్టుకున్నారు. పెట్టుకుని తల ఎత్తి నా వైపు చూశారు.

ఆయన అలా చూస్తారని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. ఎవరైనా పడితే నా కళ్ళు వాడి మీదే ఉండేవి. ఆయనకూ తెలియదేమో, చెమట తుడుచుకోవడానికి తల ఎత్తినంత మామూలుగా ఎత్తారు. ఒక్క ఊపిరి సేపు ఆగారు. కొంగు పళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాను. ఇది నిజమైన దెబ్బ. ఇప్పుడు అంటే అది పక్షపాతం కాదు, సత్యం. అయినా అనకూడదు. స్వామీ, అనకూడదు.

ఆయన ఈల దించేశారు. ఆట సాగిపోయింది. సమ్మయ్యను నలుగురు పట్టి మోసుకుపోయారు. పోతూ వాడు ఓదెలు గారిని పట్టుకుని, "నీకు కండ్లు లేవా కాకా" అన్నాడు. ఆ మాట నా దాకా వచ్చింది. ఇక్కడ ఏ మాటయినా వస్తుంది.

రిజిస్టరులో నా గడిలో, డెబ్బయ్యో నిమిషం, కాలు కాలి మీద పడింది, తగిలింది అని రాశాను. రిజిస్టరు ఆట అయ్యాక చదువుతారు.

ఎముక విరిగిందని తర్వాత తెలిసింది. మాట అంటే ఒక తప్పు, అనకపోతే ఒక తప్పు. ఈ రాత్రి అన్నం వండలేదు.


విచారణ రోజు

118 కూడా అయిపోయింది. నాలుగు మౌనపు ఆటల్లో గనిపేట ఒకటి గెలిచింది, రెండు ఓడింది, ఒకటి సమానం. పెనాల్టీలు ఇటు ఒకటి, అటు ఒకటి. పాత ఎనిమిదితో కలిపి పన్నెండు. ఇది రుజువు కాదు, గట్టి అనుమానం అని తస్నీమ్ ఉన్నది ఉన్నట్టే రాసింది.

గదిలో తెర వెలిగింది. ముగ్గురు సభ్యులు, పక్కన చిన్న గడిలో తస్నీమ్, ఇంకో గడిలో ఓదెలు గారు. ఉతికిన చొక్కా వేసుకుని, మెడలో ఈల తాడు సరిచేసుకుంటూ కూర్చున్నారు. ఆయన గది నా గుమ్మంలోంచి చూస్తే కనబడుతుంది. అయినా ఆయన మొహం అంతసేపు చూడటం ఆ తెర మీదే మొదలు.

నేను పంచాంగాలు చూపించాను. గింజల లెక్క చెప్పాను. గొంతు సరిగ్గా రావడం లేదని రెండుసార్లు గట్టిగా చెప్పమన్నారు. ఒక సభ్యుడికి నవ్వొచ్చింది. నా మాట మెల్లగా ఉంటే ఇంత దగ్గర మైకుకే అందడం లేదు, మైదానం మధ్యలో మనిషికి అందిందా అన్నాడు. మైకు మెట్ల మధ్య లేదండీ, ఆయన ఉన్నారు అన్నాను.

అధ్యక్షురాలు పెద్దావిడ. ఆవిడ నవ్వలేదు. రెఫరీ వైపు తిరిగి, ఈ గొంతు మీకు వినబడేదా అని అడిగారు.

ఓదెలు గారు మెడలోని ఈల చేతిలోకి తీసుకున్నారు. అవునంటే తన ఈల తన సొంతం కాదని ఒప్పుకున్నట్టు. కాదంటే లంచం నింద నిలబడిపోతుంది. ఆయన చేతిలో ఈల తిరుగుతూనే ఉంది.

"వినవడేది మేడమ్" అన్నారు. "గా గోతిల చీమ దగ్గినా వినవడ్తది. కాని గామె మాట విని ఊదుదామని నేనెన్నడు అనుకోలే. పోరగాండ్లు ఉత్తగ గూడ పడ్తరు. ఏది ఉత్త, ఏది నిజం అని గడియ సేపు మనసు ఊగుతది. గప్పుడే ఆమె అయ్యో అంటది."

"అంటే?"

"ఆమె అన్నదంటే నిజమే అనుకున్న మేడమ్. పొద్దుగాల్నే దీపం బెట్టి కూసునే మనిషి. ఆమె అబద్ధమాడది."

తెర మీద ఎవరి మొహమూ నాకు సరిగ్గా కనబడలేదు. నాలుగేళ్ళలో ఒక మనిషి నా గురించి అన్న మొదటి మాట అది. ఆ నమ్మకంతోనే ఆయన మెడకు ఉరి బిగిసింది, ఆ మాటతోనే వీడింది.


తీర్పు వచ్చిన రోజు

ఓదెలు గారి ఈల ఆయనకే ఉంది. లంచం నింద కొట్టేశారు. పలక కట్టరు. ఈ విచారణ సంగతి ఎక్కడా బయటపెట్టకూడదని అందరిచేతా సంతకాలు తీసుకున్నారు. బయటపడితే నూట పన్నెండు ఆటలూ మళ్ళీ తిరగతోడాలి. అది వాళ్ళకు ఇష్టం లేదు, నాకూ లేదు.

నన్ను తీసెయ్యలేదు. అధ్యక్షురాలు ఫోనులో స్వయంగా అడిగారు, ఉంటారా, పైకి వచ్చేస్తారా అని. ఉంటానన్నాను. అయితే 'సాక్షి ఆరోగ్యం దృష్ట్యా' కుర్చీ చుట్టూ అద్దం వేస్తారట. ఎండ తగలదు, దుమ్ము రాదు. చప్పుడు ఇటు నుంచి అటు పోదు, అటు నుంచి ఇటు రాదు.


119వ ఆట

నీళ్ళ తొట్టిలో చేపల్లా ఉన్నారు పిల్లలు. బంతి తగిలిన చప్పుడు లేదు. ఈల నోట్లో పెట్టుకుంటే బుగ్గలు పొంగడం చూసి ఊదారని తెలుసుకున్నాను. సమ్మయ్య చోట్లో కొత్తవాడు ఆడాడు, ఇంకా వాడి మోకాళ్ళు నాకు తెలియవు. వచ్చిన జట్టు గెలిచింది. ఆట చక్కగా, సమంగా జరిగింది.

అయ్యాక ఓదెలు గారు మెట్లెక్కి వచ్చారు. అద్దం కింద సన్నటి సందు పెట్టారు, దాంట్లోంచి రిజిస్టరు తోశారు. సంతకం పెట్టి తోశాను. ఆయన వెళ్ళలేదు. అద్దానికి దగ్గరగా వచ్చి నిలబడి ఏదో చెప్పడం మొదలుపెట్టారు. చాలాసేపు చెప్పారు. ఒకసారి మైదానం వైపు చెయ్యి చూపించారు, ఒకసారి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఈ అద్దంలోంచి మాట రాదని ఆయనకు ఎవరూ చెప్పలేదు కాబోలు. వినబడటం లేదని సైగ చేద్దామని చెయ్యి ఎత్తి, మళ్ళీ దించుకున్నాను. అంత కూడగట్టుకుని చెబుతున్న మనిషిని మధ్యలో ఆపడానికి మనసు రాలేదు. తల ఊపాను. ఆయన మొహం తేలికపడింది. దండం పెట్టి దిగిపోయారు.

నేనేం చెప్పానని ఆయన అనుకున్నారో తెలియదు. ఆయన చెప్పింది నాకు తెలియదు. సందులోంచి చీటీ రాసి అడగొచ్చు. నియమం ఉంది.

నా తర్వాత ఈ గదికి వచ్చే సాక్షికి. ఈ కాగితాలు పారెయ్యకండి. పంచాంగాలు పెట్టిన పెట్టెలోనే ఉండనివ్వండి, చెద పట్టకుండా వేపాకు మారుస్తుండండి. మీరు చదివితే చదవండి. ఇంకెవరికీ చూపించకండి, ముఖ్యంగా గనిపేట పిల్లలకు. ఆ యాభై ఎనిమిది గెలుపుల్లో ఎన్ని వాళ్ళ కాళ్ళవో, ఎన్ని నా నోటివో విడదీయగలవా అని తస్నీమ్‌ను అడిగాను. అంత లెక్క ఎవరికీ రాదు ఆంటీ అంది. అందుకని అన్నీ వాళ్ళవే.